పావురం బొమ్మకు నలభై

12 నవంబర్ 1998, గురువారం

ఈ ఉదయం ఐదున్నరకు వచ్చిన జిల్లా పేపర్ మూడో పేజీలో మా అమ్మాయి పని గురించి నేను రాసిన వార్త పడింది. నాలుగు వాక్యాలు.

"నల్గొండ క్లాక్ టవర్ వెనక గల్లీలో కంప్యూటర్ మీద పావురాల బొమ్మలు గీస్తున్నారు. పెంచేవాళ్ళు తమ పావురాన్ని తెచ్చి చూపిస్తే చాలు. వారం రోజుల్లో రంగుల్లో అచ్చు వేయించి ఇస్తారు. ఒక్కో బొమ్మకు నలభై రూపాయలు."

మంజులత పేరు వేయలేదు. నా కూతురని తెలిసినవాళ్ళకు తెలుసు, తెలియనివాళ్ళకు అవసరం లేదు. బాగా గీస్తుందని కూడా రాయలేదు. బాగుందో లేదో చూసినవాళ్ళు చెప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా నేను ఇలాగే రాస్తున్నాను.

మంజుల గడపలో నిలబడి రెండుసార్లు చదివింది.

"నాయినా, ఇప్పటికైతే నలభై అన్న గద. 'ఇప్పటికైతే' అన్నది లేదేంది?"

డెస్కులో కోసి ఉంటారని చెప్పాను. కింది వరసలో చోటు తక్కువ.

14 నవంబర్

నిన్న నలుగురు, ఇవాళ ఆరుగురు. వార్త పనిచేసింది.

15 నవంబర్, ఆదివారం

ముందు గదిలో కూర్చోవడానికి జాగా లేదు. కంప్యూటర్ ఉన్న బల్ల చుట్టూ గంపలు, గంపల్లో పావురాలు. నా భార్య ప్రమీల చీపురు పట్టుకుని నిలబడింది.

"నీ వార్తకు రెట్టలు నేను ఎత్తాలెనా ఏమయ్యా?"

ఆర్టీసీ కండక్టర్ చెన్నయ్య డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. రెండు పావురాలను చంకల్లో పెట్టుకున్నాడు.

"చెల్లె, ఇది జోడు. జోడంటే ఒక్కటే లెక్క. నలభైకి జోడు గీయి."

"అన్నా, నీ బస్సుల మొగడు పెండ్లాం ఎక్కితే ఒక్క టికెట్టే కొడ్తవా?"

గదిలో అందరూ నవ్వారు. చెన్నయ్య కూడా నవ్వాడు. ఎనభై ఇచ్చిపోయాడు.

మంజులను అంత హుషారుగా చూసి చాలా రోజులైంది. హైదరాబాద్‌లో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని వచ్చింది. జూలైలో పాత కంప్యూటర్ ఒకటి కొన్నాం. పెళ్ళికార్డులు చేయమంటే మొహం ముడుచుకుంది. ఆగస్టులో ఎదురింటి సైకిల్ షాపు హమీద్ పావురం వచ్చి కిటికీలో కూర్చుంటే దాన్ని గీసింది. హమీద్ ఆ కాగితాన్ని షాపులో అద్దం కింద పెట్టాడు. అలా మొదలైంది. మొదటి ఐదు బొమ్మలకు నలభై తీసుకుంది. పేరు రావాలని తక్కువ చెప్పానంది. అప్పుడే నేను అడిగాను, ఎంత తీసుకుంటున్నావని.

26 నవంబర్

రాత్రి అన్నం దగ్గర ధర గురించి మాట్లాడింది. నేను ప్రశ్నలు అడిగాను. అలవాటు.

ఒక పావురానికి పదకొండు గంటలు పడుతోంది. రెక్కలకే సగం. మౌసు పట్టుకుని ఒక్కో ఈకను విడిగా గీస్తుంది, లేకపోతే వాళ్ళు ఒప్పుకోరు. పెంచేవాళ్ళకు తమ పిట్ట ఈకలు లెక్కతో సహా తెలుసు. నల్గొండలో రంగుల అచ్చు లేదు. పది రోజులకోసారి ఫ్లాపీలు పట్టుకుని హైదరాబాద్ పోవాలి. అక్కడ కాగితానికి ఇరవై ఆరు.

"అయితే గంటకు ఇంత అని పెట్టు" అన్నాను.

"గంటలంటే జల్దీ గీయమంటరు నాయినా. గంట వాళ్ళకు కనవడదు గద."

"కాగితం సైజును బట్టి?"

"చిన్న కాయితం మీద గీసినా ఈకలు గన్నే ఉంటయ్."

"పావురం ఖరీదును బట్టి?"

నవ్వింది. "పిట్ట ఖరీదు అడిగితే కొట్లాటకొస్తరు. వాళ్ళు అమ్మరు, ఇచ్చుకుంటరు. ఖరీదు నోట్లెకెళ్ళి తీయరు."

చివరికి తనే ఆలోచించుకుంది. ఒకే రంగు పిట్టకు నూట ఇరవై. రెక్కల మీద పూలున్న పిట్టకు నూట యాభై. సరైన ధరే అనిపించింది. అనిపించిందని చెప్పలేదు. సరే అన్నాను.

6 డిసెంబర్, ఆదివారం

కొత్త ధరలు కాగితం మీద రాసి ఉదయం తలుపుకు అంటించింది. పదింటికి హమీద్ వచ్చాడు, వెంట ఇద్దరు. ముగ్గురూ చదివారు. ఎవరూ కోపం చేయలేదు. హమీద్ జేబులోంచి పర్సు తీసి, అందులోంచి నా వార్త తీశాడు. నాలుగు మడతలు.

"చెల్లె, పైసల గురించి కాదు. పేపర్ల పడ్డది. మా పావురాలోళ్ళల్ల నలుగురి ముందల ఒక మాట అంటే అది జబాన్. జిల్లా మొత్తం ముందల అన్న మాట ఎట్ల మారుతది?"

"నేను అనలే హమీద్ భాయ్. పేపరోళ్ళు రాసిండ్రు."

"పేపరోళ్ళంటే ఎవరు? మీ నాయినే గద."

ముగ్గురూ నా వైపు చూశారు. నేను గడ్డం గీసుకుంటున్నాను.

వాళ్ళు వెళ్ళాక మంజుల తలుపు మీది కాగితం తీసేసింది. చింపలేదు. గోరుతో మెల్లగా అంచులు లేపి తీసింది.

"సవరణ వేయి నాయినా. ఒక్క లైను."

వార్తలో తప్పుంటే సవరణ వేస్తారు. వార్తలో తప్పు లేదు. నేను అడిగిన రోజు ధర నలభై. ఆ మాటే చెప్పాను. నా వార్తకు ఇంతవరకు సవరణ పడలేదని కూడా చెప్పాను. ఆ రెండో మాట అక్కర్లేదేమో.

9 డిసెంబర్

మధ్యాహ్నం కరెంటు పోయింది. మూడు గంటల పని పోయింది. మళ్ళీ మొదలుపెట్టింది.

17 డిసెంబర్, గురువారం

అహ్మద్ అలీ సాబ్ మూడు రోజులుగా వస్తున్నాడు. కోర్టులో అటెండర్‌గా చేసి రిటైరయ్యాడు, డెబ్బై దాటాయి. ఊళ్ళో పావురాలు పెంచేవాళ్ళందరికీ ఆయన మాట అంటే మాటే. ఈయన గంప లేకుండా వచ్చాడు. పిట్ట లేదు. దాని పేరు నూరీ. ఆదివారం పొద్దున లతీఫ్‌సాబ్ గుట్ట వైపు ఎగిరింది. డేగ కొట్టింది. కింద రెండు ఈకలు దొరికాయి.

ఈకలను రుమాలులో కట్టుకుని వచ్చాడు. మంజుల పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే ఆమె గీసింది.

"మెడ గంత లావు లేదు బేటీ. జర సన్నం. ఆఁ. తల కొద్దిగా నా దిక్కు తిప్పు. అది ఎప్పుడు నా దిక్కే చూస్తుండె."

"కన్ను ఏ రంగు చాచా?"

"అనార్ గింజ."

దానిమ్మ గింజ ఎరుపు పెట్టింది.

"గిది కోసిన అనార్. నేననేది ఎండల పెట్టిన అనార్."

నిన్న ఒక్క కంటికే మధ్యాహ్నం నుంచి సాయంత్రం అసర్ నమాజు దాకా పట్టింది. ఆయన నమాజుకు వెళ్ళి తిరిగి వచ్చాడు. ఆమె అక్కడే కూర్చుని ఉంది. ఇవాళ నాలుగింటికి ఆయన స్క్రీన్ చూశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. స్క్రీన్ మీద వేలు పెట్టబోయి ఆగాడు.

"ముట్టుకో చాచా, ఏం కాదు."

ముట్టుకోలేదు.

లేచేటప్పుడు నాలుగు పది రూపాయల నోట్లు రెండు చేతులతో ఇచ్చాడు. మంజుల రెండు చేతులతో తీసుకుంది.

ప్రమీల వంటింట్లోంచి అంతా విన్నది. "మూడు దినాలు కూసున్నడు. ఇంకో నూరు ఇస్తే ఆయన సొమ్మేం పోతుండె?" అంది. ఆ ప్రశ్న సరైనదే. గల్లీ చివర ఆయన్ను అందుకుని అడిగాను, విలేకరిగానే అడిగాను: ఈ పనికి నలభై తక్కువ కాదా?

"చానా తక్కువ రిపోర్టర్ సాబ్. నాకు ఎరుక లేదా? కాని జబాన్ మీద ఎక్కువిస్తే అది ఖైరాత్ అయితది, దానం లెక్క. మీ బిడ్డకు నేను ఖైరాత్ ఇస్తనా? గంత పని చేసిన బిడ్డకు?"

చేతిలో నోట్‌బుక్ ఉంది. ఆయన మాట రాసుకున్నాను. దేనికి రాసుకున్నానో తెలియదు.

20 డిసెంబర్

రంజాన్ నెల మొదలైంది. పని తగ్గుతుందనుకున్నాం. తగ్గలేదు.

3 జనవరి 1999, ఆదివారం

కల్వకుర్తి నుంచి ఒకతను పావురంతో వచ్చాడు. మా జిల్లా పేపర్ అటు పోదు. వార్త జిరాక్స్ చేతులు మారి అక్కడికి చేరింది. నాలుగు వాక్యాల వార్త జిల్లా దాటిందని ఆఫీసులో చెప్పాను. నా సర్వీసులో అలాంటివి మూడో నాలుగో ఉంటాయి.

మంజులకు కూడా చెప్పాను. "అవునా" అంది.

11 జనవరి

కుడి మణికట్టుకు గుడ్డ కట్టుకుంది. దవాఖానలో పదిహేను రోజులు చెయ్యి కదపవద్దన్నారట. నాతో చెప్పలేదు, వాళ్ళమ్మతో చెప్పింది. బల్ల కింద ఏడు గంపలున్నాయి.

12 జనవరి

ఎడమ చేత్తో గీయడం చూశాను.

24 జనవరి, ఆదివారం

ప్రమీల నాతో మాట్లాడదలచుకున్నప్పుడు గోడతో మాట్లాడుతుంది. ఇవాళ గోడతో అన్నది:

"ఊరోళ్ళ కష్టం కనవడ్తది, పేపర్ల రాస్తడు. ఇంట్ల పిల్ల చెయ్యి వాసింది, కండ్లు గుంతలు వడ్డయ్. గది వార్త కాదు."

కొత్త పని తీసుకోవద్దని మంజులతో అన్నాను. తీసుకోకపోతే నీ వార్త అబద్ధమైతది గద నాయినా, అంది. వెటకారం అనిపించలేదు. నిజంగానే అన్నట్టు ఉంది.

ఒక్క లైను సవరణ గురించి ఆలోచించాను. ఏమని రాయాలి? ధర తప్పు కాదు. ఏది తప్పో చెప్పకుండా సవరణ ఎలా రాస్తారు?

2 ఫిబ్రవరి

కలెక్టరేట్, రెండు మీటింగులు. ఇంట్లో ఏమీ లేదు.

9 ఫిబ్రవరి, మంగళవారం

ఇంట్లో ఏమీ లేదని మొన్న రాసింది నిజం కాదు. ఆ రోజు జరిగింది ఇది.

ధాన్యం మిల్లులో కాటా చూసే భీమయ్య బొమ్మ తీసుకోవడానికి వచ్చాడు. అచ్చు చేతికిచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మా, తల నా పిట్టదే. రెక్క నాది కాదు."

"నీదే అన్నా."

"కాదు బిడ్డా. గీ చివరి ఈక విరిగి మళ్ళ మొలిచింది. గిది హమీద్ పిట్ట రెక్క. నేను దినాం చూస్తనే ఉన్న గద దాన్ని."

కంప్యూటర్‌లో ఒక బొమ్మ రెక్కను తీసి ఇంకో బొమ్మకు పెట్టవచ్చు. ఒక్క నిమిషం పని, ఐదు గంటలు మిగులుతాయి. చెయ్యి నొప్పికి అలా చేసింది. మామూలు మనిషికి తెలియదు. భీమయ్యకు తెలిసింది.

అతను అరవలేదు. "పోనీ తియ్ బిడ్డా, తొందర ఉండె కావచ్చు" అని నలభై బల్ల మీద పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు. కాగితం వెనక్కి లాక్కుంది. వారం కూర్చుని రెక్క మళ్ళీ గీసింది. నిన్న హైదరాబాద్ పోయి అచ్చు వేయించి, ఇవాళ వాళ్ళింటికే తీసుకుపోయి ఇచ్చింది. పైసలు ముట్టుకోలేదు.

తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ వాళ్ళమ్మతో అంది: "ఇంక గంప దిక్కు చూడబుద్ధి అయితలేదమ్మా."

నేను పక్క గదిలో ఉన్నాను. ఆ మాట నాకోసం కాదు.

19 ఫిబ్రవరి, శుక్రవారం

చిట్యాలలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ మీద అంకెలు ఎక్కించే పని ఉందట. దరఖాస్తు పెట్టింది. బక్కయ్య అనే సూపర్‌వైజర్ పిలిచి టైపింగ్ చూశాడు. నెలకు పద్దెనిమిది వందలు. బొమ్మలు గీయడం తెలుసని చెప్పావా అని అడిగాను.

"వాళ్ళు అడగలే."

27 ఫిబ్రవరి, శనివారం

నవంబర్ ఫైలు తీశాను. ప్రతి వార్తకు కార్బన్ కాపీ దాచుకోవడం నా పద్ధతి. నవంబర్ పదకొండున పంపిన కాగితం దొరికింది.

నాలుగో వాక్యం: "ప్రస్తుతానికి ఒక్కో బొమ్మకు నలభై రూపాయలు."

'ప్రస్తుతానికి' మీద గీత ఉంది. నీలం సిరా. నాది. పంపే ముందు నేనే కొట్టేశాను.

డెస్కు కోయలేదు.

ఎందుకు కొట్టేశానో గుర్తుంది. అనవసరమైన మాట అనిపించింది. ధర ఏదైనా ప్రస్తుతానిదే కదా, వేరే చెప్పాలా అనుకున్నాను. ఎడిటింగ్‌గా చూస్తే అది సరైనదే.

ఎడిటింగ్‌గా చూస్తే సరైనదే అని ఇప్పుడు కూడా రాశాను. కొట్టేయడం లేదు, ఉండనీ.

1 మార్చి, సోమవారం

డెస్కుకు ఫోన్ చేసి సవరణ వేయమన్నాను. సబ్ ఎడిటర్ నవ్వాడు. నాలుగు నెలల కిందటి పావురాల వార్తకు సవరణ ఏమిటి సార్, ఎవరైనా కేసు వేశారా అన్నాడు. లేదన్నాను. అయితే వదిలేయండి అన్నాడు. అతని చోట నేనున్నా అదే అనేవాణ్ణి.

మంజుల ఇవాళే చిట్యాల వెళ్ళి సంతకం పెట్టి వచ్చింది. ఎనిమిదో తేదీ నుంచి డ్యూటీ.

5 మార్చి, శుక్రవారం

జుమ్మా నమాజు అయ్యాక పావురాలవాళ్ళు అహ్మద్ అలీ సాబ్ మిద్దె మీద కలుస్తారని హమీద్ చెప్పాడు. వెళ్ళాను. ఐదుగురున్నారు: అహ్మద్ అలీ, హమీద్, చెన్నయ్య, భీమయ్య, షరీఫ్ అనే టైలర్. అందరూ తలలెత్తి ఆకాశం చూస్తున్నారు. నేను కూడా చూశాను. నాకు చుక్కలు కనిపించాయి. వాళ్ళు వాటిని పేర్లతో పిలుస్తున్నారు.

చాప మీద కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. వార్తలో ఒక మాట నేను కొట్టేశాను. మా అమ్మాయి ఇప్పటికైతే నలభై అన్నది, ఎప్పటికీ నలభై అనలేదు. ఆ జబాన్ ఆమెది కాదు. నాది. నేను వెనక్కి తీసుకుంటున్నాను.

అహ్మద్ అలీ అడిగాడు: "బేటీ ఎంత అనుకున్నది?"

"నూట ఇరవై. పూల పిట్టకు నూట యాభై."

"నూట పది చేయరాదా సార్" అన్నాడు చెన్నయ్య.

"అరే చుప్. ఎప్పుడు చూడు చిల్లర లొల్లి" అన్నాడు హమీద్.

అహ్మద్ అలీ అందరి మొహాలు ఒక్కొక్కటే చూశాడు. "మంజూర్" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.

మెట్ల దాకా నాతో వచ్చాడు.

"గింత దానికి నాలుగు నెలలా రిపోర్టర్ సాబ్? రాసిన మర్నాడే ఈడికొచ్చి ఒక్క మాట అంటే అయిపోతుండె గద. మాది ఏమన్న కోర్టా?"

లేదన్నాను. కోర్టు కాదని నాకు తెలుసు. మా ఇంటి నుంచి ఆ మిద్దెకు మూడు వందల అడుగులు కూడా లేవు.

6 మార్చి, శనివారం

మంజులకు చెప్పాను. సర్టిఫికెట్లను ప్లాస్టిక్ కవర్లో సర్దుతోంది.

"మంచిగైంది నాయినా."

"చిట్యాల వద్దని చెప్పొచ్చు కదా. ఇంకా చేరలేదు."

"సంతకం పెట్టొచ్చిన."

"సంతకం కొట్టేయొచ్చు."

అన్నాక నాకే వినిపించింది. ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు.

"ధర గురించి కాదు నాయినా ఇప్పుడు. భీమయ్య పిట్టను ముందల పెట్టుకున్న చూడు, గప్పుడు నాకు పిట్ట కనవడలే. నలభై కనవడ్డది. కన్ను గీయబోతే నలభై, ముక్కు గీయబోతే నలభై. గది నూట ఇరవై అయితే నూట ఇరవై కనవడ్తది. గంతే గద."

"కొన్నాళ్ళాగితే పోతుంది."

"పోతే మంచిదే."

కవర్ మూసింది. కంప్యూటర్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఎప్పుడు కప్పిందో నేను చూడలేదు. బల్ల కింద గంపలు లేవు. ఎవరి పిట్టను వాళ్ళకు ఇచ్చేసింది. ప్రమీల నేల కడిగింది. ముందు గది పెద్దదిగా ఉంది.

7 మార్చి, ఆదివారం

రేపటి చిట్యాల బస్సు ఉదయం ఏడు పదికి. బస్టాండ్ దాకా నేను దించుతానన్నాను. నడిచిపోతానంది. డ్యూటీ ఎనిమిదిన్నర నుంచి ఐదున్నర దాకా. మధ్యాహ్నం తిండికి ప్రమీల కొత్త డబ్బా కొన్నది.

సాయంత్రం హమీద్ వచ్చాడు. మంజుల గుడికి వెళ్ళింది. రేపు పదకొండు గంటలకు ఐదుగురూ మా ఇంటికి వస్తున్నారట. జబాన్ మార్చినవాడు మార్చాడు, గీసే మనిషి నోటితో కూడా ఒకసారి వినాలి, అది పద్ధతి అన్నాడు. అహ్మద్ అలీ సాబ్ కొత్తగా పెంచుతున్న పిట్టను తెస్తాడు. పూల రెక్కలు. నూట యాభై రుమాలులో కట్టి పెట్టుకున్నాడట. కొత్త ధరకు మొదటి బొమ్మ తనదే కావాలని ఇంకెవ్వరినీ ముందు రానివ్వనన్నాడట.

"చెల్లెకు చెప్పు సార్" అన్నాడు హమీద్.

ఆ వేళకు మంజుల చిట్యాలలో ఉంటుందని అప్పుడు అతనికి చెప్పవలసింది. చెప్పలేదు.

రేపు పదకొండుకు నేను ఇంట్లో ఉంటాను. తలుపు నేనే తీస్తాను.